పని గడిలో పడని ప్రయాణాలు: బెంగళూరు తెలుగు స్త్రీల వలస

బెంగళూరులో మారతహళ్లి చుట్టుపక్కల ఏదో ఒక అపార్ట్‌మెంటు. పొద్దున ఎనిమిది గంటల వేళ అక్కడి వంటింట్లో ముగ్గురు తెలుగు ఆడవాళ్లు కనిపించడం వింతేమీ కాదు. ఒకామె ఆ ఇంటి ఇల్లాలు. ల్యాప్‌టాప్ సంచి భుజానికి తగిలించుకుని, గట్టు పక్కన నిలబడే ఇడ్లీ తింటోంది. రెండో ఆమె ఇల్లాలి తల్లి; గుడివాడలో ఇంటికి తాళం వేసి, తాళంచెవి పక్కింట్లో ఇచ్చి, ఏడు నెలల మనవడికి ఉగ్గు పెట్టడానికి వచ్చింది. మూడో ఆమె కదిరి వైపు పల్లె నుంచి భర్తతో కలిసి వచ్చింది. సింకులో గిన్నెలు తోముతోంది, ఆ పొద్దుకు ఆమెకిది అప్పటికే రెండో ఇల్లు.

వలసల సర్వే చేసే ఉద్యోగి ఆ తలుపు తట్టి, ఈ ఊరికి ఎందుకు వచ్చారని అడిగాడనుకుందాం. ఇల్లాలు ‘పెళ్ళయ్యాక వచ్చాను’ అంటుంది. హైదరాబాదులో నాలుగేళ్లుగా చేస్తున్న ఉద్యోగం మానేసి, భర్త ఉన్న ఊరికి చేరి, ఐదు నెలలు వెతికాక ఇక్కడ మరో ఉద్యోగం తెచ్చుకున్న సంగతి ఆ జవాబులో లేదు. కదిరి ఆమె ‘మా ఆయనతో వచ్చినా’ అంటుంది. అది ‘కుటుంబంతో పాటు’ అనే గడిలోకి పోతుంది. తల్లిని ఆ ప్రశ్న అడగనే అడగరు, ఆమె చుట్టపుచూపుగా వచ్చిన మనిషి. ముగ్గురూ తెల్లవారినప్పటి నుంచి పనిచేస్తూనే ఉన్నారు. అయినా లెక్కల ప్రకారం ఆ ముగ్గురిలో ఏ ఒక్కరూ పని కోసం వచ్చినవారు కారు.

వలసల సామాజికశాస్త్రం స్త్రీల విషయంలో చాలాకాలం తడబడింది ఇక్కడే. స్త్రీలు కదలరని ఎవరూ అనలేదు, అనడానికి లెక్కలు ఒప్పుకోవు. 2011 జనగణన ప్రకారం దేశంలో పుట్టిన ఊరో, అంతకు ముందు ఉన్న ఊరో వదిలి మరోచోట ఉంటున్నవారు సుమారు 45 కోట్ల మంది. వారిలో దాదాపు మూడింట రెండు వంతులు స్త్రీలే. 2020 జూలై నుంచి 2021 జూన్ వరకు జరిగిన శ్రామికబల సర్వేలో పురుషుల్లో వలస వచ్చినవారు 10.7 శాతమైతే స్త్రీలలో 47.9 శాతం. అంటే ఈ దేశంలో సగటు వలసజీవి స్త్రీ. కానీ అదే సర్వేలో వలస వచ్చిన స్త్రీలలో 86.8 శాతం మంది చెప్పిన కారణం పెళ్ళి. ఈ రెండో అంకె కనబడగానే మొదటి అంకెను పక్కన పెట్టేయడం పరిశోధకులకు, విధానాలు రాసేవారికి అలవాటైపోయింది. పెళ్ళి చేసుకుని అత్తవారింటికి వెళ్లడాన్ని వలస అంటామా, అది ఆచారం కదా అన్నది ఆ అలవాటు వెనుక ఉన్న తర్కం. అందుకే ‘వలస కూలీ’ అన్న మాట వినగానే మనసులో మెదిలేది నెత్తిన మూటతో నడిచే మగవాడి బొమ్మ. పక్కన ఆడమనిషి ఉంటే ఆమె అతని వెంట వచ్చినదే అవుతుంది.

విచిత్రమేమిటంటే ఈ శాస్త్రం మొదటి అడుగులోనే స్త్రీలు ఉన్నారు. 1885లో భూగోళశాస్త్రవేత్త ఇ. జి. రావెన్‌స్టీన్ బ్రిటన్ జనగణన పట్టికలు ముందు పెట్టుకుని వలస సూత్రాలు రాసినప్పుడు, దగ్గరి దూరాల వలసల్లో పురుషులకంటే స్త్రీలే ఎక్కువని గుర్తించాడు. వాళ్లంతా ఇళ్లలో పనికే పోతున్నారనుకోవడం పొరపాటని, వంటింటికి కార్ఖానా గట్టి పోటీదారని కూడా రాశాడు. ఆ తర్వాత దాదాపు నూరేళ్లు ఆ మాటను పట్టించుకున్నవారు తక్కువ. వలసపక్షుల్లో స్త్రీలూ ఉన్నారని 1984లో సామాజికశాస్త్రవేత్త మిర్యానా మొరోక్వాసిచ్ మళ్లీ గుర్తుచేయవలసి వచ్చింది. గుర్తుచేసిన తర్వాత కూడా మొదట జరిగిన పని పట్టికల్లో ‘స్త్రీలు’ అనే మరో వరుస చేర్చడమే. ఆడవాళ్లెందరు, మగవాళ్లెందరు అని తేల్చడం ఒక పని. ఎవరు కదలాలి, ఎవరు ఆగాలి, కదిలితే ఎవరి పేరు మీద, ఎవరి అనుమతితో, ఎవరి అడ్వాన్సుతో అన్నవి స్త్రీపురుష సంబంధాల వల్ల ఎలా నిర్ణయమవుతాయో చూడడం వేరే పని. బెంగళూరు తెలుగువారి విషయంలో ఎక్కువ ఉపయోగపడేది ఈ రెండోదే.

2011 జనగణన నాటికి బెంగళూరు నగర జిల్లా జనాభాలో తెలుగు మాతృభాషగా చెప్పినవారు సుమారు 14 శాతం. వీరందరినీ వలసవారనడం సరికాదు. కోలారు, చిక్కబళ్లాపురం, హిందూపురం నడుమ భాషల సరిహద్దు ఎప్పుడూ గీత గీసినట్టు లేదు, తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబాలు ఎన్నో. అయితే గత మూడు దశాబ్దాలలో వచ్చినవారిని చూస్తే రెండు పాయలు కనిపిస్తాయి. ఒకటి కోస్తా, తెలంగాణ, రాయలసీమ పట్టణాల నుంచి ఇంజినీరింగు చదువుతో వచ్చినది. రెండోది అనంతపురం, కర్నూలు పడమటి మండలాలు, పాలమూరు వంటి మెట్ట ప్రాంతాల నుంచి కరువుకు, అప్పుకు తాళలేక వచ్చినది. ఆదోని, కోసిగి వైపు దీన్ని ‘సుగ్గికి పోవడం’ అంటారు. ఈ రెండు పాయలూ ఒకే నగరంలో ఉన్నా కలుసుకునేది దాదాపు ఒక్కచోటే, అపార్ట్‌మెంటు వంటింట్లో.

మొదటి పాయలో ఉన్న ఇల్లాలి సంగతి ముందు చూడాలి. 1978లో ఆర్థికవేత్త జేకబ్ మిన్సర్ కుటుంబ వలసను విశ్లేషిస్తూ ఒక వర్గాన్ని గుర్తించాడు. ఒంటరిగా అయితే ఆ ఊరికి వెళ్లనివారు, వెళ్తే వ్యక్తిగా నష్టపోయేవారు, కానీ కుటుంబం మొత్తానికి లాభం కనుక వెళ్లేవారు. వీరిని ముడిపడి కదిలేవారు అనవచ్చు. మిన్సర్ సూత్రంలో ఆ ముడి భార్యకే పడాలన్న నియమం లేదు; ఎవరి సంపాదన తక్కువైతే వారికి పడుతుంది. తెలుగు పెళ్ళిచూపుల్లో మాత్రం ఆ లెక్క వేయకముందే తేలిపోతుంది. ‘అబ్బాయి బెంగళూరులో’ అన్నది పరిచయ వాక్యం. ‘అమ్మాయికి ట్రాన్స్‌ఫర్ దొరుకుతుందా, వర్క్ ఫ్రమ్ హోమ్ ఉంటుందా’ అన్నది దాని తర్వాత వచ్చే ప్రశ్న. ఆ ప్రశ్నను అబ్బాయిని అడగడం ఎంత అరుదంటే, అడిగితే అందరూ నవ్వులాటగా తీసుకుంటారు. అమ్మాయి జీతం అబ్బాయి జీతంకన్నా ఎక్కువైన ఇళ్లలోనూ ఇదే తంతు నడవడం చూస్తే, ఇక్కడ పనిచేస్తున్నది సంపాదన లెక్క కాదని, ఎవరి ఊరు ఇద్దరి ఊరవుతుందన్న పాత నియమమని తెలుస్తుంది. నాలుగేళ్ల అనుభవం ఉన్న ఉద్యోగిని ఐదు నెలల విరామం తర్వాత కొత్త ఊరిలో మళ్లీ ఇంటర్వ్యూలకు కూర్చుంటే ఆ విరామానికి సంజాయిషీ చెప్పుకోవలసింది ఆమే. ఐటీ రంగ ఉద్యోగుల్లో మూడో వంతుకు పైగా స్త్రీలు ఉన్నారని పరిశ్రమ గొప్పగా చెప్పుకుంటుంది. ఆ మూడో వంతులో ఎందరు ఇలా మధ్యలో ఒక మెట్టు దిగి మళ్లీ ఎక్కినవారో ఆ అంకె చెప్పదు.

ఇందులో తెలుగువారికి ప్రత్యేకమైన విషయం ఒకటి ఉంది. 1983లో పరిశోధకులు టిమ్ డైసన్, మిక్ మూర్ ఉత్తర, దక్షిణ భారత బంధుత్వ పద్ధతులను పోల్చి, దక్షిణాదిలో పెళ్ళికూతురు తెలిసినవారి ఇంటికి, తరచు దగ్గరి ఊరికే వెళ్తుంది కనుక పుట్టింటి అండ ఆమెకు తెగిపోదని, స్త్రీల స్వతంత్రానికి అది కొంత ఆసరా అని వాదించారు. మేనరికాలు మామూలుగా ఉన్న తెలుగు సమాజంలో ఈ వాదన చాలావరకు నిలిచేదే. అత్త మేనత్తే అయినప్పుడు, పుట్టిల్లు బస్సు దిగి నడిచేంత దూరంలో ఉన్నప్పుడు కష్టమొస్తే కబురు పంపడం తేలిక. చదువు, ఉద్యోగం చూసి దూరపు సంబంధాలు చేయడం పెరిగాక, దక్షిణాది స్త్రీకి ఉన్న ఆ ఆసరా బెంగళూరు చేరేసరికి పలచబడింది. ఆధునికమైన నగరానికి పోతే స్త్రీకి స్వేచ్ఛ పెరుగుతుందన్న మాట ఒక్కటే చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. వీధిలో పెరిగిన స్వేచ్ఛకు ఇంటి వెనుక తగ్గిన అండను కూడా కలిపి చూడాలి.

ఆ తగ్గిన అండ మరో రూపంలో తిరిగి వచ్చిన వైనం చాలా ఆసక్తికరమైనది. తొలికాన్పు పుట్టింట్లో జరగాలన్నది తెలుగువారి ఆనవాయితీ. ఏడో నెలలోనో, తొమ్మిదో నెలలోనో కూతురు పుట్టింటికి వెళ్తుంది, తల్లి పురుడు పోసి, బిడ్డకు నెలలు వచ్చాక సారెతో పంపుతుంది. బెంగళూరు ఉద్యోగినికి చూపించుకుంటున్న డాక్టరు ఇక్కడ, బీమా ఇక్కడ, ఎనిమిదో నెల దాకా ఆఫీసు ఇక్కడ. కనుక కూతురు పుట్టింటికి పోవడానికి బదులు పుట్టిల్లే కూతురి దగ్గరకు ప్రయాణమై వస్తుంది. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ తర్వాత ప్రసూతి సెలవు 26 వారాలైంది. బిడ్డకు ఆరు నెలలు నిండేనాటికి ఆ సెలవు అయిపోతుంది, సరిగ్గా అప్పుడే అమ్మమ్మ అవసరం మొదలవుతుంది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు శిశు సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలని అదే సవరణ చెప్పింది. అయినా నడక రాని బిడ్డను గంటన్నర ట్రాఫిక్‌లో తీసుకువెళ్లే తల్లులు తక్కువ. కొన్ని నెలలు అమ్మమ్మ, ఆమె వెళ్లాక కొన్ని నెలలు నానమ్మ, మళ్లీ అమ్మమ్మ. వియ్యపురాళ్లిద్దరూ వంతులు వేసుకుని ఒక ఉద్యోగాన్ని నిలబెడతారు. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వీసా గడువును బట్టి వెళ్లి వచ్చే తల్లుల కథే ఇక్కడ రైలు టికెట్టుతో నడుస్తుంది.

ఈమె పగలు ఎలా గడుస్తుందో చూస్తే ఇది చుట్టపుచూపు కాదని తెలుస్తుంది. కన్నడం రాదు, హిందీ అంతకన్నా రాదు. లిఫ్టులో ఎదురైనవారికి నవ్వు తప్ప మాట లేదు. పిల్లవాడు నిద్రపోయిన గంటన్నరలో కుక్కరు పెట్టాలి, బట్టలు ఆరేయాలి, కొరియర్లు అందుకోవాలి. వాళ్లు చెప్పమన్న నాలుగంకెల ఓటీపీ కూతురి ఫోనుకు వస్తుంది, కూతురేమో మీటింగులో ఉంటుంది. గుడివాడలో ఈమె సంఘం లీడరో, వీధిలో నలుగురికీ పెద్దదిక్కో అయి ఉండవచ్చు. ఇక్కడ బాబు అమ్మమ్మ. పదకొండో అంతస్తు బాల్కనీలో వడియాలు పెడితే పావురాలు పాడుచేస్తాయని మానేసింది. భర్త బతికే ఉంటే చాలాసార్లు ఊళ్లోనే ఉండిపోతాడు, కౌలు డబ్బులనో, ఆవు ఉందనో, అక్కడ తోచదనో. అరవై ఏళ్ల వయసులో ఆ మగమనిషి మొదటిసారి టీ పెట్టుకోవడం నేర్చుకుంటాడు. వలస వచ్చినది భార్యే అయినా ఊరి నోట జాలి మాట మాత్రం అతని గురించే వినపడుతుంది, పాపం, పెద్దాయన ఒక్కడే వండుకుంటున్నాడని.

ఈమెను పట్టుకోగల గడి సర్వేలలో లేదు. జాతీయ నమూనా సర్వే లెక్కలో ఒకచోట ఎడతెగకుండా ఆరు నెలలైనా ఉంటేనో, ఉండదలిస్తేనో అది నివాసస్థలం అవుతుంది. ఈమె నాలుగో నెలలో ఒకసారి ఊరికి వెళ్లి వస్తుంది. స్వల్పకాల వలస అనే వర్గం 2007-08 నాటి 64వ విడత సర్వేలో ఉంది, కాని అది నెల నుంచి ఆరు నెలల లోపు ఉపాధి కోసం వెళ్లినవారికే. మనవణ్ణి పెంచడం ఉపాధి కాదు. 2020-21 సర్వేలో 15 రోజుల నుంచి ఆరు నెలల లోపు వచ్చి ఉన్నవారికి చోటిచ్చారు గానీ, పెట్టిన పేరు తాత్కాలిక సందర్శకులు. 2024 కాలవినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు ఆ పనికి వెచ్చిస్తున్నారు. గుడివాడలో చేసిన 289 నిమిషాలు బెంగళూరుకు మారితే దాన్ని శ్రమ వలస అనడానికి అభ్యంతరం ఏమిటో అర్థం కాదు. నగర ఆర్థిక వ్యవస్థకు ఒక ఇంజినీరు పనిగంటలు అందుతున్నాయంటే అవి ఈ సందర్శకురాలి చేతుల మీదుగా వెళ్లినవే.

అమ్మమ్మ చేతికి అందని పని కదిరి ఆమెది. ఇక్కడ రెండో పాయ మొదలవుతుంది. ఇళ్లలో పనిచేసేవారికి కనీస వేతనం నిర్ణయించడంలో 2004లోనే కర్ణాటక మిగిలిన రాష్ట్రాలకన్నా ముందు నడిచింది. కాగితం మీద అది పెద్ద అడుగే. కాని ఇల్లు కార్ఖానా కాదు, తనిఖీ అధికారి వచ్చి హాజరుపట్టీ అడగడానికి అక్కడ హాజరుపట్టీ ఉండదు. ఇంటిపనివారి హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒడంబడికను భారతదేశం ఆమోదించలేదు. జీతం నిర్ణయమయ్యేది గేటు దగ్గర, ‘మూడో అంతస్తులో ఎంతిస్తున్నారు’ అన్న పోలికతో. తెలుగు ఇంట్లో తెలుగు పనిమనిషిని పెట్టుకోవడంలో ఇద్దరికీ వెసులుబాటు ఉంది. అమ్మమ్మకు రోజంతటిలో దొరికే నిండు సంభాషణ ఆమెతోనే. ఆమెకు అడ్వాన్సు అడగడానికి, పండగకు చీర అడగడానికి భాష అడ్డం కాదు. ‘అమ్మా’, ‘అక్కా’ అన్న పిలుపులు యజమానికీ పనిమనిషికీ మధ్య ఉన్న లెక్కను కాస్త మెత్తబరుస్తాయి. అదే పిలుపు చాటున ‘ఈ ఒక్క గంట బాబును చూడవే’ అన్న అదనపు పని జీతంలోకి రాకుండా జారిపోతుంది.

ఈమెకూ ఒక బిడ్డ ఉంటే ఆ బిడ్డ ఎక్కడుందన్నది వలసల అధ్యయనంలో అసలు ప్రశ్న. 2000లో అమెరికన్ సామాజికశాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ సంరక్షణ గొలుసు అనే భావన ముందుకు తెచ్చింది. ఒక సంపన్న ఇంటి బిడ్డను పెంచడానికి ఒక స్త్రీ వలస పోతే, ఆమె బిడ్డను పెంచడానికి మరో స్త్రీ, ఆ రెండో స్త్రీ ఇంటిపనికి ఆమె పెద్దకూతురు. గొలుసు కిందికి దిగేకొద్దీ చెల్లింపు తగ్గి చివర సున్నా అవుతుంది. ఆ భావన దేశాల మధ్య వలసల కోసం తయారైంది. రాయచోటి వైపు నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లిన స్త్రీల విషయంలో అది అచ్చంగా సరిపోతుంది. మారతహళ్లి నుంచి కదిరి దాకా కూడా అదే గొలుసు ఉంది, పొడవు మాత్రం తక్కువ. బడి వయసు పిల్లను అవ్వ దగ్గర వదిలి, నడక రాని వాణ్ణి వెంట తెచ్చుకోవడం మామూలు. ఆ పిల్ల ఇంటిపని, బడి రెండూ మోస్తుంది, కొంతకాలానికి ఒకటే మోస్తుంది.

కదిరి ఆమె భర్తది బేల్దారి పని. కట్టడాల దగ్గర రేకుల షెడ్లలో ఉండే జంటల విషయంలో కూలీ లెక్క ఎలా నడుస్తుందో చూస్తే, స్త్రీని వెంట వచ్చిన మనిషిగా తయారుచేసే యంత్రాంగం తేటగా కనబడుతుంది. మేస్త్రీ ఊళ్లో అడ్వాన్సు ఇచ్చేది మగవాడి చేతికి. రోజులు రాసుకునేది అతని పేరు కింద. సమాన పనికి సమాన వేతనం అన్న నియమం 1976 నుంచి చట్టాల్లో ఉంది, కాని అది వర్తించేది ఒకే పనికి, లేదా ఒకే రకం పనికి. మగవాడు ఇటుక పేరిస్తే బేల్దారి, ఆడది ఇటుకలు మోసి, ఇసుక జల్లించి, మాలు కలిపి అందిస్తే కూలి. పనులు రెండని అనిపించుకుంటే చట్టం ఉల్లంఘన జరగనట్టే. మగ కూలి పదేళ్లకు తాపీ పట్టుకుంటాడు. ఇరవయ్యేళ్లు మాలు అందించిన స్త్రీకి తాపీ చేతికి వచ్చిన సందర్భాలు వెతికి చూపాల్సినంత తక్కువ. నేర్పించేది మామో, అన్నో, పక్క ఊరి మేస్త్రీనో కావడం వల్ల ఆ విద్య మగ బంధుత్వాల దారినే పారుతుంది. 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టంతో వచ్చిన నియమం ప్రకారం సంక్షేమ బోర్డులో నమోదు కావాలంటే ముందటి ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు చూపాలి. రోజులు భర్త పేరు కింద రాసి ఉన్న స్త్రీ ఆ 90 రోజులు ఎక్కడి నుంచి తెచ్చి చూపాలి? ప్రసూతి సాయం, పిల్లల చదువు సాయం వంటివి ఆ నమోదుతో ముడిపడి ఉన్నవే.

రావెన్‌స్టీన్ చెప్పిన కార్ఖానా బెంగళూరులో బట్టల పరిశ్రమ. పీణ్యా, బొమ్మనహళ్లి, మైసూరు రోడ్డు వైపున్న గార్మెంట్స్‌లో పనిచేసేవారిలో అత్యధికులు స్త్రీలు. కర్ణాటక పల్లెలవారు, హిందూపురం, మడకశిర వైపు తెలుగువారు, ఇటీవల శిక్షణ పథకాల ద్వారా ఒడిశా, ఝార్ఖండ్‌ల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటున్న యువతులు. పీఎఫ్ (భవిష్యనిధి), ఈఎస్ఐ (కార్మికుల వైద్యబీమా) ఉండే ఉద్యోగం కనుక ఇళ్లలో పనికన్నా ఇది మేలన్న లెక్క చాలామందిది. గంటకు ఇన్ని కాలర్లు, ఇన్ని కఫ్‌లు అన్న టార్గెట్, తప్పితే సూపర్‌వైజర్ నోటి దురుసు, ఆ మేలుకు చెల్లించే ధర.

2016 ఏప్రిల్‌లో ఈ స్త్రీలు చేసిన పని వలస, స్త్రీ జీవితక్రమం రెండింటినీ కలిపి చూడడానికి చాలా పనికివస్తుంది. పీఎఫ్ ఖాతాలో యజమాని వాటాను 58 ఏళ్లు నిండేదాకా తీసుకోరాదని ఆ ఫిబ్రవరిలో కేంద్రం కొత్త నిబంధన తెచ్చింది. ఏప్రిల్ 18న బొమ్మనహళ్లి దగ్గర వేలమంది కార్మికురాళ్లు, ఏ పెద్ద సంఘం పిలుపూ లేకుండానే, హోసూరు రోడ్డు మీదికి వచ్చేశారు. రెండో రోజుకు ఆందోళన నగరంలోని మరికొన్ని చోట్లకు పాకింది, బస్సులు తగలబడ్డాయి, బాష్పవాయువు ప్రయోగించారు. 19వ తేదీన కేంద్రం ఆ నిబంధనను వెనక్కి తీసుకుంది. దీన్ని ఆవేశంగా చూసినవారు ఆ డబ్బు వాళ్ల జీవితాల్లో ఏమిటో చూడలేదు. 58 ఏళ్ల దాకా ఆపమన్న నిబంధన ఇరవయ్యేళ్లకు చేరి, తెగకుండా పనిచేసి, ముసలితనంలో విశ్రాంతి తీసుకునే ఉద్యోగిని ఊహించుకుంది. అది మగ ఉద్యోగి జీవితక్రమం. కార్మికురాలు పెళ్ళికి మానుతుంది, కాన్పుకు మానుతుంది, అత్తకు పక్షవాతమొస్తే ఊరికి పోతుంది, తిరిగి వచ్చి మరో ఫ్యాక్టరీలో చేరుతుంది. నలభై అయిదేళ్లకు కళ్లు మసకబారితే టైలర్ పని ఆమెను వదిలేస్తుంది. మానిన ప్రతిసారీ చేతికొచ్చే ఆ మొత్తమే పిల్ల కాలేజీ ఫీజు, ఊళ్లో ఇంటి స్లాబు. తెగి తెగి సాగే బతుకుకు తెగని బతుకు కొలతలు తీసి కుట్టిన చొక్కా అది. గార్మెంట్స్ ఆడవాళ్లకు ఆ తేడా చూడగానే తెలిసిపోయింది.

పెళ్ళికి ముందు ఒంటరిగా వచ్చే అమ్మాయిల వలస మాత్రం పని గడిలోనే పడుతుంది, కనుక లెక్కల వరకు పేచీ లేదు. వీరి నగరం బీటీఎం లేఅవుట్, కుందలహళ్లి, ఎలక్ట్రానిక్ సిటీ వైపు లేడీస్ పీజీలతో, అంటే భోజనం కలిపి అద్దెకిచ్చే వసతిగృహాలతో మొదలవుతుంది. వాటిలో తెలుగువాళ్లు నడిపేవి ఎన్నో, గోంగూర పచ్చడి, ఆదివారం చికెన్ వాటి ప్రకటన. చేరేటప్పుడు ఆధార్ జిరాక్సుతో పాటు తండ్రి ఫోన్ నంబరు రాయించుకుంటారు, రాత్రి పదింటికి గేటు మూస్తారు. కుర్రాళ్ల పీజీలో ఈ రెండూ లేకపోవడం ఎవరికీ వింతగా తోచదు. ఊరి నిఘా ఇలా సేవగా మారి నెలసరి అద్దెలో కలుస్తుంది; అమ్మాయిని బెంగళూరు పంపడానికి ఇంట్లో ఒప్పుకున్నది చాలాసార్లు ఆ గేటును చూసే. అదే అమ్మాయి రాత్రి షిఫ్టుకు కంపెనీ క్యాబులో వెళ్తుంది. స్త్రీలను రాత్రిపూట పనిలో పెట్టుకోరాదన్న 1961 నాటి కర్ణాటక దుకాణాల చట్టానికి ఐటీ రంగం కోసం మినహాయింపులు ఇచ్చి, రవాణా, రక్షణ బాధ్యత సంస్థ మీద పెట్టారు. 2005 డిసెంబరులో షిఫ్టుకు బయలుదేరిన కాల్‌సెంటర్ ఉద్యోగిని హత్య తర్వాత ఆ బాధ్యత గురించి గట్టిగా మాట్లాడవలసి వచ్చింది. పగలు బస్సులో గంటన్నర నిలబడి గార్మెంట్స్‌కు వెళ్లే ఆమె రక్షణ గురించి అంత చర్చ జరగలేదు.

బస్సు మాట వచ్చింది కనుక, రాష్ట్ర సరిహద్దు స్త్రీకి ఎక్కడ తగులుతుందో కూడా అక్కడే చూడవచ్చు. 2023 జూన్ 11న మొదలైన శక్తి పథకం కింద కర్ణాటకలో నివాసమున్న స్త్రీలు సాధారణ ప్రభుత్వ బస్సుల్లో ఉచితంగా ప్రయాణించవచ్చు, కర్ణాటక చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపాలి. కదిరి చిరునామాతో ఆధార్ ఉన్న ఆమె ఎనిమిదేళ్లుగా బెంగళూరులో ఉంటున్నా కండక్టరు దగ్గర టికెట్టు కొనాల్సిందే. ఆధార్ మార్చుకుంటే సరిపోదా అంటే, కదిరిలో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి ఉచిత ప్రయాణం ఆంధ్రప్రదేశ్ స్త్రీలకు. ఊళ్లో రేషన్ కార్డు, అవ్వ దగ్గరున్న కూతురి బడికి వచ్చే సాయం, రేపు ఇంటి పట్టా వస్తుందన్న ఆశ అన్నీ పాత చిరునామాకే వేళ్లాడుతున్నాయి. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు వచ్చాక బియ్యం మాత్రం ఎక్కడైనా తెచ్చుకోవచ్చు. మిగిలినవేవీ ఆ కార్డు వెంట నడవవు. కర్ణాటక ప్రభుత్వ గృహలక్ష్మి పథకం కింద ఇంటి యజమానురాలికి నెలకు 2,000 రూపాయలు రావాలన్నా కర్ణాటక రేషన్ కార్డు కావాలి.

పథకాలన్నీ స్త్రీ పేరు మీదికి మారుతున్న కాలంలో ఎవరి ఆధార్ ఎక్కడ ఉండాలన్నది ఇంట్లో కూర్చుని తేల్చుకోవలసిన విషయమైంది. భర్త ఆధార్ ఊరి చిరునామాతోనే ఉంచి, భార్యది బెంగళూరుకు మార్చడం ఒక పద్ధతి. ఎందుకంటే పట్టాదారు పాసుపుస్తకం అతని పేరు మీద ఉంది, ఉచిత బస్సు ఆమె పేరు మీద ఉంది. కార్డు మార్చుకోవడానికి అద్దె ఒప్పందం కావాలి, ఆ ఒప్పందం ఉన్నా ఎక్కువగా భర్త పేరునే ఉంటుంది. రేకుల షెడ్డుకైతే అద్దె ఒప్పందమే ఉండదు. మూడిళ్ల పనిలో ఏ ఇంటివారైనా ‘మా దగ్గరే ఉంటుంది’ అని రాసిస్తే బాగుండునని ఆమె అడగాలనుకుంటుంది. ఇళ్లవాళ్లు అపార్ట్‌మెంటు సంఘాన్ని అడగాలంటారు. సంఘం దగ్గర ఆమెకు ఇదివరకే ఒక కార్డు ఉంది, గేటు దగ్గర చూపేది. దాని మీద ఫోటో, టవరు పేరు, ఫ్లాటు నంబర్లు ఉన్నాయి. ఆమె ఉండే చిరునామా కోసం మాత్రం ఆ కార్డులో చోటు లేదు.